తీగమోదుగ తాడు

మనసులో మెదిలి, చేతిదాకా రాని చెడ్డ తలపు పాపమవుతుందా అని నరహరి ఒకనాడు తన గురువు అవధానులుగారిని అడిగాడు. అడుగుతూ ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. ఎందుకు అడుగుతున్నావని గురువుగారు ఆరా తీయలేదు. వయసులో ఉండగా తాను కొన్నాళ్ళు మెలిగిన నల్లమల చెంచుగూడెంలో జరిగిన సంగతి చెప్పారు.

అక్కడ కొండచరియలకు పట్టిన తేనె తీయడానికి తీగమోదుగను తాడుగా పేని, దాన్ని పట్టుకుని లోయలోకి దిగుతారు. మోదుగచెట్టుకున్నట్టే దీనికీ మూడేసి ఆకులు, నిప్పురంగు పూలు. కాని ఇది చెట్టుగా నిలబడదు, అడవి మాకులకు అల్లుకుని పాకుతుంది. పైన తాడు దగ్గర కాపలా ఉండేవాడు దిగినవాడి బావమరిదే కావాలి. తోబుట్టువు తాళి తెగే పని ఎవడూ చెయ్యడని వాళ్ళ నమ్మకం.

ఈదన్న ఆ పనిలో పేరున్నవాడు. తీగ కోశాక మొదలునుంచి కొసదాకా వేళ్ళతో తడిమి, పురుగు తొలిచిన చోటు ఏ కాస్త తగిలినా అవతల పారేసేవాడు. ఒకరోజు పొద్దున తీగ కోయడానికి వెళుతూ అతను చెల్లెలు బయ్యమ్మ గుడిసె ముందు ఆగాడు. ఆమె చెంప వాచి ఉంది. కన్ను సగం మూసుకుపోయింది. ఆమె మొగుడు లింగడు రాత్రి తాగి కొట్టాడు. ఈదన్న అడవికి వెళ్ళి తీగ కోశాడు, పేనాడు, కొండమీది చెట్టుకు కట్టాడు. లింగడు దిగాడు. సగం లోతులో తాడు తెగింది.

కులపెద్దలు కూర్చుని తెగిన కొసలు చూశారు. ఒకచోట లోపల పురుగు తొలిచి ఉంది. బయటికి కనిపించేది కాదని, ఈదన్న తప్పేమీ లేదని తేల్చారు.

కర్మకాండ ముగిశాక బయ్యమ్మ అన్నకు జావ పోసి ఎదురుగా కూర్చుంది.

"అన్నా, ఆ పొద్దు తీగ తడిమి చూసినావా?"

ఈదన్న జావ ముంత కింద పెట్టాడు. "గుర్తులేదు తల్లీ. నీ మొగమే కండ్లముందు ఉండె. చేతులు ఏం చేసినాయో నాకు తెల్వదు."

బయ్యమ్మ లేచి లోపలికి వెళ్ళింది. ఆ వారంలోనే పిల్లల్ని తీసుకుని వేరే గూడేనికి పోయింది. అన్న పంపిన గింజలు రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి అతను పంపలేదు.

గురువుగారు అంతటితో ఆపారు. నరహరి ఉండబట్టలేకపోయాడు.

"చూశానని ఒక్క మాట అని ఉంటే చెల్లెలు మిగిలేది కదండీ!"

"మిగిలేది," అన్నారు అవధానులుగారు. "ఈదన్న తనకు తాను మిగిలేవాడో లేదో మాత్రం నేను చెప్పలేను నాయనా."