తాళం వేసిన పావురాల గూడు

పెళ్ళాన్ని వదిలేస్తానని మౌలాలి గుట్టెక్కి వచ్చాడు.

వచ్చింది అడగడానికి కాదు, చెప్పడానికి. పరుపులు కుట్టే మౌలాలి ఒకసారి ఒక మాట అనుకున్నాడంటే ఇక దాన్ని పట్టుకునే ఉంటాడు. కాకపోతే ఊరి పెద్దలు ఒక మెలిక పెట్టారు. గుట్ట మీది దర్గాలో ఉండే మురాద్ షా సరేనంటేనే తాము పంచాయితీకి కూర్చుంటామన్నారు. మౌలాలికి చిన్నప్పటి నుంచీ ఆయనే గురువు. నమాజు నేర్పిందీ ఆయనే, కోపం వస్తే మంచినీళ్ళు తాగమన్నదీ ఆయనే. కుండలకు కుండలు తాగాడు గానీ మౌలాలి కోపం మాత్రం ఉన్నచోటే ఉంది.

"బిడ్డను చూసినావా సామీ?" అన్నాడు, కూర్చోకుండానే.

"చూసినా. మీ అత్త ఎత్తుకొచ్చింది."

"నేను నలుపు. హుసేనమ్మ నాకంటే నలుపు. ఆ పిల్ల చూస్తే దూది మాదిరి పుట్టింది. జుట్టు తెలుపు, కనురెప్పల మీద వెంట్రుకలు కూడా తెలుపే. యాడి నుంచి వచ్చింది ఆ తెలుపు?"

"హుసేనమ్మ ఏమంటుంది?"

"ఏమంటాది? నీ బిడ్డే అంటాది, ఒట్టు పెడతానంటాది, ఏడుస్తాది. ఏడిస్తే నమ్మాల్నా?"

మురాద్ షా పంటినొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టాడు. లేచి వెనక పెరట్లోకి వెళ్ళి, రెండు నల్ల పావురాలను చెరో చంకలో పెట్టుకొని వచ్చాడు. ఒకటి మగది, ఒకటి ఆడది. రెండూ కాటుక నలుపు.

"వీటిని సాకు. రెండు తూర్లు పిల్లల్ని చేసినాక నన్నడుగు. అప్పుడు చెప్తా."

మౌలాలికి ఒళ్ళు మండిపోయింది. తాను అడిగిందేమిటి, ఈయన ఇస్తున్నదేమిటి? కానీ ఆయన మాట లేకుండా పెద్దలు కదలరు. పళ్ళు కొరుక్కుంటూ పావురాలను అందుకొని, కుట్టుపని సరంజామాతో సహా దర్గాలోనే మకాం పెట్టాడు.

దర్గాలో పావురాల గూళ్ళకు తలుపు ఉండటం ఎవరూ ఎరగరు. గోడలో గూళ్ళు, పైన గుమ్మటం, వచ్చేవి వస్తాయి, పోయేవి పోతాయి. మౌలాలి మాత్రం పని మొదలుపెట్టడమే ఇనుప జాలీతో వేరే గూడు కట్టడంతో మొదలుపెట్టాడు. దానికో తలుపు, తలుపుకో తాళంకప్ప. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

మురాద్ షా చూసి నోరు తెరిచాడు. "పావురాలకు తాళమా?"

"నీకు తెలీదు సామీ. గుమ్మటం మీద తెల్లవి తిరుగుతాండాయి. నమ్మేదానికి లేదు."

"సరేలే. బాగా బిగించు," అన్నాడు ముసలాయన.

ఎండలు ముదిరేసరికి ఆడది గుడ్లు పెట్టింది. కొన్నాళ్ళకు మురాద్ షా తాళం తీయించి, ఒక గుడ్డు తీసి గుప్పిట్లో పట్టుకొని ఎండకు ఎదురుగా పెట్టాడు. వేళ్ళ సందులోంచి చూడమని మౌలాలికి చెప్పాడు. పెంకు లోపల ఎర్రటి దారాలు అల్లుకొని ఉన్నాయి. నడిమధ్యన ఏదో కొట్టుకుంటోంది.

"మొన్న అది ఒక్క చుక్క," అన్నాడు ఆయన. "చుక్క చీలి రెండైంది. రెండూ చీలి నాలుగైనాయి. ఇంకా చీలుతానే ఉండాది. చీలిన ప్రతి ముక్కలోనూ నాయనదీ ఉంటాది, అమ్మదీ ఉంటాది."

"రంగు కనపడలేదు," అన్నాడు మౌలాలి.

ఆయన గుడ్డును మళ్ళీ గూట్లో పెట్టేశాడు.

పిల్లలు పుట్టాయి. ఈకలు వచ్చాయి. రెండూ నల్లవే. మౌలాలి వాటిని అరచేతుల్లో పెట్టుకొని, పందెం గెలిచినవాడిలా గురువు దగ్గరికి వచ్చాడు.

"చూడు సామీ. నల్లవాటికి నల్లవే. పక్షులకుండే నీతి మనుషులకు లేదు."

మురాద్ షా జొన్నలు చల్లుతూ తలెత్తలేదు. "ఇంకో తూరి ఉండాదిలే."

ఆ మధ్యలోనే అత్త మళ్ళీ గుట్టెక్కి వచ్చింది. బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదని, నాయన వచ్చి చెవిలో పేరు పిలవాలని హుసేనమ్మ కనిపెట్టుకొని ఉందని చెప్పింది. మౌలాలి పరుపులోకి దూది కూరుతూ, "పేరు దాని నాయన్నే పెట్టమను పో," అన్నాడు. ఆమె మెట్ల మీద కొంగు నోట్లో కుక్కుకుంటూ దిగిపోయింది.

ఆ మాట విన్న దగ్గర్నుంచి మురాద్ షా అతనితో కలిసి అన్నం తినడం మానేశాడు. మౌలాలి పళ్ళెం తెచ్చి పక్కన పెడితే, ఆయన తన పళ్ళెం తీసుకొని వేరే గోడ దగ్గరికి పోయేవాడు. మౌలాలికి అది చాలా కష్టంగా తోచింది. అయినా తగ్గలేదు.

వానలు పడ్డాయి. ఆడది మళ్ళీ గుడ్లు పెట్టింది, మళ్ళీ పొదిగింది. ఈసారి ఒక పిల్లకు నల్లటి ఈకలు మొలిచాయి. రెండోదానికి తెల్లటివి.

మౌలాలి ముందు అది బూజనుకున్నాడు. ఊది చూశాడు. తుడిచి చూశాడు. చివరికి తాళం పట్టుకొని ఊపాడు, అది ఊడలేదు. జాలీ చుట్టూ వేళ్ళతో తడిమాడు, పిచ్చుక దూరే సందు కూడా లేదు. గుమ్మటం మీది తెల్ల పావురాల కేసి రాయి విసిరి, అరుచుకుంటూ గురువు దగ్గరికి పోయాడు.

"నువ్వే గుడ్డు మార్చినావు సామీ!"

"తాళంచెవి ఎవరి దగ్గరుండాది?"

మౌలాలి చెయ్యి తనంతట తానే మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది.

"అయితే... ఆ ఆడది నా చేతికి రాకముందే యాడో..."

"ఎప్పుడు?" మురాద్ షా గొంతు పెరిగింది. "నువ్వు తాళం వేసింది ఎండల్లో. ఇప్పుడు వానలు. నడుమ రెండు నల్ల పిల్లల్ని చేసింది, వాటిని నెత్తిన పెట్టుకొని ఊరేగించినావు. ఓరి నాయనా, నీతో నేను వేగలేను. రా ఇట్ల!"

చెయ్యి పట్టుకొని పెరట్లోకి ఈడ్చుకుపోయాడు. ఆ వయసులో ఆయనకు అంత బలం ఉందని మౌలాలికి తెలియదు.

"గుమ్మటం మీద, ఆ కొసన కూర్చున్న తెల్లది చూడు. నీ మగదాన్ని కన్నది అదే. నాయన నల్లది. నీ ఆడదాని నాయన కూడా తెల్లదే, పోయినేడు పిల్లి పట్టింది."

"మరి ఇవి కాటుక మాదిరి ఉండాయి కదా?"

"నలుపు పైన కనిపిస్తాది. తెలుపు లోపల కూర్చుంటాది. కరగదు, నలుపుతో కలిసి బూడిద కాదు, అట్లనే ఉంటాది. ప్రతిదాని దగ్గరా రెండుంటాయి, నాయన ఇచ్చిందొకటి, అమ్మ ఇచ్చిందొకటి. పిల్లకిచ్చేది ఒకటే. ఏది ఇస్తాండాదో ఇచ్చేదానికే తెలీదు. రెండు పక్కల నుంచీ నల్లదొచ్చినా నల్లదే, ఒక పక్క నుంచి వచ్చినా నల్లదే. రెండు పక్కల నుంచీ తెల్లదే వచ్చిందనుకో..."

ఆయన ఆయాసంతో ఆగిపోయాడు. గూట్లో మగ పావురం పిల్లలకు మేత పెడుతోంది. తెల్లది తోసుకొని ముందుకొచ్చింది. మగది దాని ముక్కును తన నోట్లోకి తీసుకొని మేత పట్టింది, తర్వాత నల్లదానికి పట్టింది.

మౌలాలి చాలాసేపు చూశాడు. అయినా పట్టుకోవడానికి ఇంకొక్క కొమ్మ దొరికింది అతనికి.

"అయితే అది ఆమె వైపు నుంచి వచ్చిందన్నమాట. మా వైపు అట్లాంటోళ్ళు ఎవరూ లేరు సామీ."

మురాద్ షా రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు.

"హుసేనమ్మ నీకేమవుతాది?"

"మేనమామ కూతురు. బయటి సంబంధం వద్దని అమ్మే చేసింది."

"ఆమె నాయనను కన్నదెవరు?"

"ఫకీరమ్మవ్వ."

"మీ అమ్మను?"

"ఆ అవ్వే," అన్నాడు మౌలాలి.

"ఫకీరమ్మకు ఒక తమ్ముడుండె," అన్నాడు మురాద్ షా, ఇప్పుడు నెమ్మదిగా. "ఎండకు కండ్లు తెరవలేకపోయేటోడు. పొద్దు గూకినాక వచ్చి ఈ మెట్లన్నీ ఊడ్చి పోయేటోడు. నీకు తెలుసు."

మౌలాలికి తెలుసు. ఇంట్లో ఎవరూ ఆయన మాట ఎత్తేవాళ్ళు కాదు. పిల్లలకు అటువైపు పోవద్దని మాత్రం చెప్పేవాళ్ళు.

"సున్నం తాత," అన్నాడు మౌలాలి, నేల చూపులు చూస్తూ.

"అది గేలి. పేరు మదార్. చక్కగా పాడేటోడు."

ముసలాయన మెట్టు మీద కూలబడి మోకాళ్ళు ఒత్తుకున్నాడు. "రెండు తూర్లూ అయిపాయె. ఇప్పుడు అడుగు. పెళ్ళాన్ని వదిలెయ్యాల్నా అని అడుగు."

మౌలాలి అడగలేదు. గూడు తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, గుట్ట దిగాడు.

అత్తగారి ఊరు చేరేసరికి మిట్ట మధ్యాహ్నమైంది. వానల మధ్య కాసే ఎండ, చురుక్కుమంటోంది. హుసేనమ్మ పంచలో కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన మంచం కింద చల్లని నీడలో బిడ్డ నిద్రపోతోంది. వాకిట్లో అతన్ని చూసి కూడా ఆమె లేవలేదు. చేట మాత్రం ఆగింది.

"తప్పయిపాయె హుసేనమ్మా," అన్నాడు మౌలాలి. "బిడ్డ నాదే."

"ఎవరు చెప్పినారు?"

అతను చెప్పుకొచ్చాడు. రెండు నల్ల పావురాలు, జాలీ, తాళం, మొలతాడు, తెల్ల పిల్ల, ఫకీరమ్మవ్వ, మదార్ తాత. ఏదీ దాచలేదు. దాచకుండా చెబుతున్నందుకు లోపల కొంచెం తేలికగా కూడా అనిపించింది. ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది.

"నేను చెప్పినా," అంది హుసేనమ్మ. "కాళ్ళు పట్టుకొని చెప్పినా, బిడ్డను నీ ఒళ్ళో పెట్టి చెప్పినా. నమ్మలేదు. పావురాలు చెప్తే నమ్మినావా?"

ఆమె మళ్ళీ చేట అందుకొని బియ్యంలో రాళ్ళు ఏరసాగింది. పొమ్మని అనలేదు. నీడలోకి రమ్మనీ అనలేదు. మౌలాలి చెప్పులు విడిచి, వాకిట్లో ఎండలోనే కూర్చున్నాడు.