ఎలుగుబంటి వేసిన పందిరి

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున, జూలప్ప అనే ఎలుగుబంటి ఉండేది. ఒళ్లంతా దట్టమైన నల్లటి బొచ్చు. ఎండ తగిలిందంటే చాలు, "అబ్బా, చచ్చాను!" అంటూ చెట్టు కిందికి పరుగెత్తేది. ఎండ తనకి పడదు కాబట్టి లోకంలో ఎవరికీ పడదనుకునేది. తమ కడుపు నిండితే ఊరందరి కడుపూ నిండిందనుకునేవాళ్లు మనలోనూ ఉంటారులెండి!

ఒకరోజు ఇసకమ్మ అనే తాబేలు ఒడ్డుకి వచ్చింది. ఇసుకలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పింది.

"అన్నా, నేను ఏట్లోకి పోయి మేత చూసుకోవాలి. నా గుడ్ల దగ్గరికి నక్క రాకుండా చూస్తావా? మిగతాది సూర్యుడు చూసుకుంటాడు" అంది ఇసకమ్మ.

"నేనున్నానుగా తల్లీ, నిశ్చింతగా వెళ్లు" అంది జూలప్ప.

ఇంత పెద్ద పని తనకి అప్పగించినందుకు పొంగిపోయింది. నక్క వస్తే తరిమికొట్టింది కూడా. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఇసుక మీద కాలు పెట్టి చూసింది. చుర్రుమంది.

"అయ్యో పాపం, పిల్లలు లోపల వేగిపోతున్నారు!" అనుకుంది. కొమ్మలు పాతి, టేకాకులు కప్పి, గుడ్ల మీద చక్కటి పందిరి వేసింది.

మొదట తొండ వచ్చింది. "మామా, ఆ పందిరి తీసెయ్. పొద్దున్నే నా కాళ్లు కొయ్యబారిపోయి ఉంటాయి. కాసేపు ఎండ కాచుకుంటేనే కదలగలను. ఆ పిల్లలకీ ఎండ కావాలి" అంది.

"రోజంతా రాయి మీద పడుండే సోమరివి, నువ్వా నాకు చెప్పేది?" అంది జూలప్ప.

తరవాత ఉడుత వచ్చింది. "మామా, ఈ ఇప్పపూలు చూడు. ఎండలో ఆరబెట్టినవి వానాకాలం దాకా ఉంటాయి. నీడలో పెట్టినవి బూజు పట్టాయి. ఎండ చేసే పని నీడ చెయ్యదు" అంది.

"పూలూ పిల్లలూ ఒకటేనా? పో, పో!" అంది జూలప్ప.

చివరికి కుందేలు వచ్చింది. "మామా, నీ పందిరి కింద గడ్డి ఎలా పాలిపోయిందో చూడు. గడ్డి ఎండ తిని బతుకుతుంది. నేను గడ్డి తిని బతుకుతాను. ఆ గుడ్లూ ఎండనే నమ్ముకున్నాయి" అంది.

"ఇసకమ్మ నమ్మింది నన్ను!" అని గుర్రుమంది జూలప్ప. తాను పట్టిన కుందేలికి మూడే కాళ్లు అనే రకం మరి! పాపం, ఆ కుందేలు నాలుగు కాళ్ల మీదా తిరిగి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి ఇసకమ్మ తిరిగి వచ్చింది. పందిరి చూడగానే దాని ముఖం మాడిపోయింది.

"అన్నా, ఇది ఎవరు వేశారు?"

"నేనే!" అంది జూలప్ప గర్వంగా.

ఇసకమ్మ గబగబా ఇసుక తవ్వింది. గుడ్లు చల్లగా ఉన్నాయి. ఒక్కొక్కటే ముట్టుకుంది. దేంట్లోనూ కదలిక లేదు. పందిరి అంచున, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడే చోట, ఒకే ఒక్క గుడ్డు మాత్రం వెచ్చగా తగిలింది.

"మేము కోళ్లలాగా పొదగలేం అన్నా. మా ఒంట్లో అంత వేడి లేదు. మా పిల్లల్ని పొదిగేది ఎండే. అందుకే మిగతాది సూర్యుడు చూసుకుంటాడని చెప్పాను" అంది, ఆ ఒక్క గుడ్డు మీద మళ్లీ ఇసుక కప్పుతూ.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జూలప్పకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఈలోగా తొండ, ఉడుత, కుందేలు కూడా అక్కడికి చేరాయి. వాటి ముఖం చూడలేకపోయింది. తన చేతులతోనే పందిరి పీకి పారేసి, పొదల వెనక్కి పోయి కూర్చుంది. దూరం నుంచే నక్కను కాపు కాసింది.

మరికొన్నాళ్లకి ఇసుక కదిలింది. చిన్న తాబేలు పిల్ల బయటికి వచ్చింది. జూలప్ప భయపడుతూ దగ్గరికి వచ్చి, వంగి చూసింది. దాని పెద్ద నీడ పిల్ల మీద పడింది.

పిల్ల కళ్లు చికిలించి పైకి చూసింది. "మామా, కొంచెం పక్కకి జరుగుతావా? ఎండ రావటం లేదు" అంది.

ఈసారి జూలప్ప తల దించుకుని పక్కకి జరిగింది.

నీతి: సాయం చేసే ముందు ఎదుటివారికి ఏది కావాలో అడగాలి. చెప్పింది చిన్నవారైనా వినాలి.