నలభై రోజుల సున్నం

అనగా అనగా, గోడ కనబడితే చాలు, దాని పక్కన ఇంకో గోడ లేపాలనిపించే రాజొకడు ఉండేవాడు. పేరు మహీధరుడు. మనసు మంచిదే, ఓపికే తక్కువ. ఇవాళ శంకుస్థాపన చేస్తే రేపు గృహప్రవేశం కావాలి ఆయనకు. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దల మాట రాజుల చెవిదాకా పోదు కదా.

ఆ రాజ్యంలో కట్టడాలు గుత్తకు పట్టేవాళ్ళు చాలామంది ఉన్నా, పేరున్నవాళ్ళు ముగ్గురు. తూర్పు సీమ తిప్పన్న, దక్షిణ సీమ నాగసానమ్మ, పడమటి సీమ రుద్రయ్య. ముగ్గురివీ పనిలో ఆరితేరిన చేతులే. కానీ ఒకరంటే ఒకరికి గిట్టదు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతారు.

పనులు పంచేది, రాజు తొందర తీర్చి మెప్పు పొందాలని చూసే సుకంఠుడనే అమాత్యుడు. ఆయన ఎప్పుడూ ఒక్కొక్కరినే లోపలికి పిలిచేవాడు.

సత్రం కట్టాల్సి వచ్చినప్పుడు తిప్పన్నను పిలిచి, ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. తిప్పన్న నూరు రోజులన్నాడు. అమాత్యుడు నిట్టూర్చి, రుద్రయ్య డెబ్భై అన్నాడే అన్నాడు. తిప్పన్నకు ఒళ్ళు మండి, అరవైలో కడతానని మాటిచ్చేశాడు.

రోజులు తగ్గించడమంటే మాటలా? రాయిని తొందరపెట్టలేం. కూలివాళ్ళకు నాలుగు చేతులు మొలవవు. ఇక మిగిలింది సున్నమే. సున్నాన్ని గుంటలో నలభై రోజులు మగ్గనిచ్చి, కరక్కాయ నీళ్ళు, బెల్లం పోసి గానుగలో నూరితేనే రాయిని రాయి పట్టుకుంటుంది. తిప్పన్న ఇరవై రోజులకే గుంటలోంచి సున్నం తోడించాడు. మొదటి వానకే సత్రం గోడ నెర్రెలిచ్చింది.

తర్వాత ధాన్యపు కొట్టు. ఈసారి అమాత్యుడు నాగసానమ్మతో, తిప్పన్న అరవై అన్నాడని చెప్పాడు. ఆమె పంతానికి పోయి యాభై అంది. కొట్టు కప్పు కూలి, ఏడాది గింజలు తడిసి మొలకెత్తాయి. గుత్తేదారులంతా దొంగలేనని జనం తిట్టిపోశారు.

మూడోది ఏటికి అడ్డంగా రాతికట్ట. దాని దిగువన ఏడు ఊళ్ళు. కట్ట తెగితే కట్టినవాడి తల తీయిస్తానని రాజు ముందే చాటించాడు. అయినా రుద్రయ్య నలభై రోజులకు ఒప్పుకున్నాడు. పదిరోజుల సున్నంతో పని మొదలుపెట్టాడు. కట్ట ఛాతీ ఎత్తుకు లేచింది.

ఆ ఏడు ఊళ్ళలో ఒకటి నాగసానమ్మ పుట్టిల్లు. పదిరోజుల సున్నం సంగతి ఆమె చెవిన పడింది. పగ పక్కనబెట్టి, మూడేళ్ళలో మొదటిసారి రుద్రయ్య దగ్గరికి వెళ్ళి, నలభై రోజులకు ఎలా ఒప్పుకున్నావని నిలదీసింది.

"నువ్వు యాభై అన్నావటగా అక్కా. అందుకే నేను నలభై అన్నాను," అన్నాడు రుద్రయ్య.

"ఆ కట్ట సంగతి నన్ను ఎవరూ అడగనే లేదు. ఆ పని పంచిన వారమంతా జ్వరంతో మంచం మీదున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంటనే తిప్పన్నకు కబురు పంపారు. ఆయన వచ్చి తన సత్రం కథ చెప్పాడు. డెబ్భై అన్న మాట రుద్రయ్య నోటి నుంచి ఎన్నడూ రాలేదని అప్పుడు తేలింది. పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, ఇన్నాళ్ళూ వాళ్ళ పోరు తీర్చింది సుకంఠుడు.

"పని ఆపేద్దాం," అన్నాడు రుద్రయ్య.

"మనం ముగ్గురం కాదంటే నాలుగోవాడు ముప్పై అంటాడు," అన్నాడు తిప్పన్న. "దేశంలో ఉన్న అందరం ఒక్కమాట మీద ఉండాలి."

అన్ని సీమలకూ మనుషులు వెళ్ళారు. చిన్నా పెద్దా గుత్తేదారులంతా కదిలి వచ్చారు. సంఘంగా ఏర్పడి ఒక్క కట్టుబాటు చేసుకున్నారు. నలభై రోజులు మగ్గని సున్నాన్ని ఎవరూ ముట్టకూడదు, ఎన్నాళ్ళు పడుతుందో అందరి ఎదుటా చెప్పాలి. ఆ మాటా, సుకంఠుడు లేని మాటలు చెప్పి తమ చేత రోజులు తగ్గించిన తీరూ చెప్పడానికి కలిసి కొలువుకు వెళ్ళారు.

ఇది కుట్ర అన్నాడు సుకంఠుడు. రాజుకు కోపం వచ్చింది.

"ఇవాళ నూరు రోజులంటారు, రేపు రెండు వందలంటారు. గుంపు కట్టిన మిమ్మల్ని నేనెందుకు నమ్మాలి?"

అడగవలసిన ప్రశ్నే అడిగాడు రాజు. గుంపు కట్టినవాళ్ళంతా మంచివాళ్ళని ఎక్కడుంది?

"నమ్మవద్దు ప్రభూ. ఏటి దగ్గరికి వచ్చి చూడండి," అంది నాగసానమ్మ.

రాజు వెళ్ళాడు. ఏటిగట్టున గుత్తేదారులందరూ గునపాలు పట్టుకుని నిలబడ్డారు. మొదటి పోటు రుద్రయ్యే వేశాడు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. నెల రోజుల కష్టం అది. ఆ తర్వాత అందరూ కలిసి కట్టను పడగొట్టసాగారు.

"ఇతడు మీవాడే కదా," అన్నాడు రాజు ఆశ్చర్యపోతూ. "మీవాడి కట్టను మీరే కూలుస్తున్నారేం?"

"మావాడిది కాబట్టే, ప్రభూ," అంది నాగసానమ్మ.

రాజు వంగి, రాళ్ళ మధ్య సున్నాన్ని వేలితో గీరాడు. అది పిండిలా రాలింది. ఆయన దిగువనున్న ఊళ్ళకేసి చూశాడు. ఆ మీదట సుకంఠుడి వైపు తిరిగి, ఎవరూ అనని మాటలు నీ చెవిన ఎలా పడ్డాయని అడిగాడు. అమాత్యుడికి ఆనాటి నుంచి సున్నపు గుంటల కాపలా పని దొరికింది. నలభై రోజులంటే ఎంతో ఆయనకు బాగా తెలిసివచ్చింది.

రుద్రయ్య తల దక్కింది. సత్రాన్నీ కొట్టునూ సంఘమే తన కష్టంతో తిరిగి కట్టింది. ఆ ఏడాది కట్ట లేక ఊళ్ళవాళ్ళు సణిగారు. నాగసానమ్మను సొంత అన్నదమ్ములే తిట్టారు. ఆమె ఆ మాటలన్నీ పడింది.

మరుసటి ఏడాది నూరు రోజుల్లో కట్ట లేచింది. ఆ వానాకాలం ఏరు ఎన్నడూ లేనంతగా పొంగి, కట్ట అంచుదాకా వచ్చి ఆగింది. దిగువ ఏడూళ్ళలో ఒక్క పొయ్యి కూడా ఆరలేదు.

ఒంటరివాడు చెప్పలేని నిజాన్ని సంఘం చెప్పగలదు. కానీ తనవాడి తప్పును తన చేత్తో దిద్దుకున్న సంఘం మాటే లోకంలో చెల్లుతుంది.