బాతు హత్య కేసులో గేదె వాయిదాలు

నల్లగుట్ట కింది జామతోటలో కుక్క కర్రెన్న మీద హత్యానేరం రుజువైపోయింది. దానికి పట్టిన సమయం, తోట తగవులు తీర్చే ఎర్రపుంజు రెండు కూతలు కూసినంత. సూరమ్మ అనే బాతు ముందురోజు నుంచీ కనబడడం లేదు. మడుగు ఒడ్డున మెత్తటి తెల్లని ఈకలు పడున్నాయి. కర్రెన్న మూతికీ అవే ఈకలు, కాళ్లకి మడుగు బురద. పాపం, బాతు కోసం వెతుకుతూ అక్కడ వాసన చూశాడు, అంతే. చంపుతుండగా ఎవరూ చూడలేదు, శవమూ దొరకలేదు. అయినా ఫిర్యాదు రాసిన నక్క నాగభూషణానికి అవేవీ అడ్డు కాలేదు.

"తినేశాక శవమెక్కడుంటుంది? ఈక మూతికుంది, బాతు మడుగులో లేదు. ఇంక చూసినవాడితో పనేముంది?" అన్నాడు.

నాగభూషణం ఉండేది గుట్ట వెనకాల. తోటకి వాడు చుట్టమూ కాడు, పక్కమూ కాడు. చట్టం మాటలు తెలిసినవాడని పుంజుకి వాడంటే గురి. కర్రెన్నని వాగవతలకి తోలెయ్యమని తీర్పు వచ్చింది. అక్కడ చిరుతపులి ఉంది. దానికి కుక్క మాంసమంటే ప్రాణం.

కర్రెన్న ముసలి ఎద్దు వీరభద్రయ్యకి అప్పీలు చేసుకున్నాడు. అది తేలేదాకా కంచె దగ్గర కాపలా మానొద్దన్నాడు ఎద్దు. నక్కకి ఆ మాట మింగుడుపడలేదు. అప్పీలు వాదించడానికి గేదె పుల్లమ్మ ఒప్పుకుంది.

మొదటి వారం పుల్లమ్మ లేచి, కొమ్ములో పోటుగా ఉంది, వాయిదా కావాలంది. రెండో వారం పిన్ని కూతురు ఈనింది, పురుడు, మళ్లీ వాయిదా అంది. తోటంతా నవ్వింది. కర్రెన్నకి మాత్రం ఏడుపొచ్చింది. ముద్ద దిగడం మానేసి చాలా రోజులైంది. ఇలాంటి ప్లీడరుని పెట్టుకోవడంకన్నా చిరుతపులి ఎదురుగా నిలబడడం నయమనిపించి, ఆ మాటే ఆమె మొహమ్మీద అనేశాడు.

పుల్లమ్మ నొచ్చుకోలేదు. ఎండవేళ వాణ్ణి వెంటబెట్టుకుని మడుగులో దిగి, జమ్ము దట్టంగా ఉన్నచోటికి తీసుకెళ్లింది. అక్కడ సూరమ్మ గుడ్లు పొదుగుతోంది. కింద పరుపుగా తన రొమ్ము ఈకలు తనే పీక్కుని పరుచుకుంది. గాలికి ఒడ్డుకి కొట్టుకొచ్చినవి అవే.

కర్రెన్న గేదె వైపు తిరిగాడు. "అత్తా, ఇది ముందే చెబితే నా ప్రాణం దక్కేది కదా?"

"నీది దక్కేది. దీనిదో?" అంది పుల్లమ్మ మెల్లిగా. "అప్పీల్లో నేనేమంటే అది నక్క వింటాడు, విన్న రాత్రే ఇక్కడికొస్తాడు. ఎద్దు చెవిలో ఊదినా, ఒకరి మాట రెండోవారికి వినిపించందే ఆయన ఊరుకోడు. ఇది గుడ్లు వదిలి కదలదు. పిల్లలు కావడానికి ఇంకా రెండు వారాలు."

మూడో వారానికి పుల్లమ్మ దగ్గర సాకులు అయిపోయాయి. పిల్లి పెళ్లని ఏదో అనబోతే ఎద్దు ఆపేసి, చెప్పుకునేదేమైనా ఉందా అని కర్రెన్ననే అడిగాడు. ఒక్క మాటంటే చాలు, బతికిపోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. రెండడుగుల దూరంలో నాగభూషణం చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నాడు. చచ్చేంత భయమేసింది కర్రెన్నకి. కానీ కాపలా కుక్క కదా.

"నాకింకో వారం కావాలయ్యా. ఎందుకో చెప్పలేను."

"నిర్దోషి వాయిదా అడుగుతాడా?" అన్నాడు నక్క.

ఎద్దు చాలాసేపు నెమరేశాడు. ఆఖరికి వారం ఇచ్చాడు, ఆ పైన ఒక్క పూట కూడా ఉండదన్నాడు.

నాలుగో వారం అంతా చేరారు. సూరమ్మ జాడ లేదు. ఎద్దు గొంతు సవరించుకుని తీర్పు మొదలుపెట్టాడు. కర్రెన్న కళ్లు మూసుకున్నాడు. అప్పుడు మడుగు వైపునుంచి గలగలమని కూతలు వినిపించాయి. సూరమ్మ, వెనకాల వరసగా పదకొండు పిల్లలు. ఇంతమందిని చూసి ఆమె మొహం చిన్నబోయింది.

"అయ్యో, ఎవరు పోయారు?"

"నువ్వేనమ్మా," అన్నాడు ఎద్దు.

తోట తోటంతా నవ్వింది. ఈసారి కర్రెన్న కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. పుంజు తన తీర్పు తనే కొట్టేసుకుని జామచెట్టెక్కి అటు తిరిగి కూర్చున్నాడు. పిల్లల్ని చూసి నాగభూషణానికి నోరూరింది, ఎద్దుని చూసి ఆరింది.

"ఏమయ్యా, ఏం చెబుతావు?" అన్నాడు ఎద్దు.

నక్క అటూ ఇటూ చూసి, "నాకో వాయిదా కావాలి," అన్నాడు.

"ఇచ్చాను. వాగవతల కూర్చుని ఆలోచించుకో. కర్రెన్నా, దిగబెట్టి రా."

కడుపునిండా ఇంత తిని, తోకాడిస్తూ బయల్దేరాడు కర్రెన్న.

ఎవరికైనా శిక్ష వెయ్యమని తొందరపెట్టేవాణ్ణి, అందులో నీకేం కలిసొస్తుందని ముందు అడగాలి.