నాలుగు వేళ్ల ఎడం

నలభై రెండేళ్ల వీరవేణికి ఎవరేం చెప్పినా "ఇలాగే సాగితే ఏమవుతుంది?" అని అడిగే అలవాటు ఉండేది. గోదావరి మధ్యలోని వాళ్ల లంకలో ఆ ప్రశ్న మగవాడు అడిగితే ముందుచూపు అనేవారు. ఆమె అడిగితే అపశకునం అనేవారు.

ఆ రోజు లంక ఆడపిల్లలు మొదటిసారి మండల కబడ్డీ ఫైనల్ ఆడబోతున్నారు. ఆట అవతలి ఒడ్డున. వీరవేణి కూతురు నాగదుర్గ జట్టు కెప్టెన్. పిల్లలు ఈలలు వేస్తూ రేవుకు పరుగెత్తారు. వాళ్ల వెంట పెద్దదిక్కుగా వీరవేణి వెళ్లింది.

రేవులో సత్తిరాజు పంటు సిద్ధంగా ఉంది. పంటు అంటే రెండు పడవలను జతకట్టి పైన బల్లలు పరిచినది. ఏటా గంగమ్మ పూజనాడు దాని పక్కలకు పసుపు గీత గీసేవారు. నీళ్లు గీతను తాకితే ఇక ఎవరినీ ఎక్కించకూడదు. నీళ్లకు ఊరికే చెరిగిపోతోందని సత్తిరాజు ఈసారి ఆ గీతను పైన, అంచు పక్కనే గీశాడు.

మోటారు సైకిళ్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. వీరవేణి పంటు అంచునే చూస్తూ నిలబడింది.

"ఎక్కండమ్మా, గీత ఇంకా తడవలేదు," అన్నాడు సత్తిరాజు.

"ఆగండర్రా," అని ఆమె పిల్లలకు చేతులు అడ్డుపెట్టింది. "బండి ఎక్కినప్పుడల్లా పంటు వేలి మందం దిగుతోంది. ఇప్పుడు నీటికీ అంచుకీ నాలుగు వేళ్ల ఎడముంది. ఒడ్డున ఇంకా మూడు బళ్లున్నాయి. ఆపైన ఈ పిల్లలంతా ఎక్కితే అంచు ఎక్కడుంటుంది సత్తిరాజూ?"

"మా నాన్న కాలం నుంచీ ఇది మునగలేదు వదినా."

"మీ నాన్న గీత కిందుండేది. దాన్ని పైకి జరిపింది నువ్వు, గంగమ్మ కాదు."

బళ్లమీది మగవాళ్లు నవ్వారు. "వెళ్లి పప్పులో నీళ్లు కొలుచుకోమనవయ్యా," అన్నాడొకడు.

"రోజూ కొలుస్తాను కాబట్టే ఇదీ తెలిసింది," అంది వీరవేణి.

నాగదుర్గ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆలస్యమైతే ఆట పోయినట్టేనమ్మా. మునుగుతుందని నువ్వు చూశావా?"

"చూడలేదే. నడిగోదాట్లో కెరటం ఎంత లేస్తుందో కూడా నాకు తెలీదు. చూసినదాన్ని బట్టి చూడనిది చెబుతున్నా. మునిగాక అయితే అందరూ చెబుతారు."

పిల్లలు మూతులు ముడుచుకుని ఒడ్డునే ఆగారు. మిగిలిన మూడు బళ్లూ ఎక్కాయి. పంటు కదిలింది.

నది మధ్యలో ఒక ఇసుక పడవ ఎదురొచ్చింది. అది లేపిన కెరటం బల్లల మీదికి దూకింది. బళ్లన్నీ ఒకవైపు జారాయి. పంటు ఒరిగింది. మగవాళ్లు తాళ్లు పట్టుకుని వేలాడారు. బళ్లు గోదాట్లో పడ్డాక గానీ పంటు మళ్లీ లేవలేదు. ఇసుక పడవవాళ్లు అందరినీ తమ పడవలోకి లాగి లంక ఒడ్డుకు తెచ్చారు.

సత్తిరాజు తడిసి వణుకుతూ పిల్లల వంక చూశాడు. "వీళ్లు కూడా ఉంటే పంటు లేచేది కాదు వదినా," అన్నాడు.

"ఆ మాట నేను ఒడ్డునే అన్నాను," అంది ఆమె.

ఇసుక పడవలో పిల్లలు అవతలికి చేరేసరికి ఎదుటి జట్టు గెలిచినట్టు ప్రకటించేశారు. నాగదుర్గ ఇంటికొచ్చి తల్లితో మాట్లాడడం మానేసింది. అలగడానికి ప్రాణాలతో ఉంది కదా అనుకుంది వీరవేణి.

మరుసటి ఏడాది, రేవులో పంటు నడిపే హక్కుకు జరిగిన వేలంలో ఆమె సత్తిరాజు మీద పోటీకి పాడి, రేవును దక్కించుకుంది.

నీతి: ఇంతవరకూ జరగలేదన్న మాట ఇకముందు జరగదనడానికి రుజువు కాదు, కళ్లెదుటి నిజాలు ఎటు నడుస్తున్నాయో చూసి రాబోయేదాన్ని ముందే లెక్కగట్టాలి, ఆ లెక్క ఆడది చెప్పినా వినాలి.