వాగు దాటించే మాట

చదునైన దారంటూ ఎరగని ఒక రాజ్యంలో, దివాణం పల్లకిని నలుగురు బోయీలు మోసేవారు. ముందు బొంగు పట్టి అడుగులు చెప్పేది అప్పన్న. వాగు ఎదురైతే "జలజల" అనేవాడు, అంతే. ఎనిమిది కాళ్లూ ఒక్కటిగా నెమ్మదించేవి, భుజాలు లేచేవి, పల్లకి కలలో పడవలా తేలిపోయేది.

ఆ పల్లకిలో తిరిగే దివాణం అధికారి, పేష్కారు వీరభద్రయ్యకు అది గిట్టలేదు. "రోజుకి పది మాటలైనా చెప్పవు, సోమరిపోతా! రేపటినుంచి ప్రతి అడుగూ విప్పి చెప్పు. లేదా బొంగు వదిలి ఇంటికి పో."

ఆ బొంగే అప్పన్న లోకం. అందుకే "చిత్తం దొరా" అన్నాడు.

మర్నాడు యువరాజు పట్టాభిషేకం. పేష్కారు ఎక్కిన పల్లకి వాగులో దిగింది.

"కుడికాలు ఎత్తండి. రాయి తడమండి. జారుతుందా? అయితే కాస్త ఎడంగా పెట్టండి. ఇప్పుడు ఎడమ భుజం..."

పొద్దెక్కింది. అవతలి ఒడ్డున కొండమీది కోటలో మేళాలు మోగాయి. పల్లకి నడివాగులోనే ఉంది.

"ఇంకెంతసేపురా?"

"ఇంకో రెండొందల మాటలు దొరా. మధ్యలో పలకరిస్తే మళ్లీ మొదటికొస్తాను."

"నీకు దణ్ణం పెడతాను, ఆ పాత మాటే అనరా నాయనా!"

"జలజల!"

చిటికెలో ఒడ్డు చేరారు. పేష్కారు తెల్లబోయాడు. "అంత చిన్న మాటలో ఇంత పని ఎలా పట్టిందిరా?"

"మా నలుగురి పదేళ్ల నడక అందులో మడిచి పెట్టుకున్నాం దొరా. మీరు విప్పమన్నారు, విప్పాను."

పేష్కారు ఎదురుగా నిలువునా లేచిన కొండను చూసి, మెల్లగా అన్నాడు: "అప్పన్నా, దీనికీ ఒక మాట మడవగలవా?"