మెతుకు మీద పేరు

మూడు నెలలుగా దాదాపీర్‌ను ఒకటే బెంగ తినేస్తోంది. దర్గా దవాఖానాలో ఆరు కంప్యూటర్లున్నాయి. ఒక్కదానికీ భద్రతా అప్‌డేట్లు వేయలేదు. తెర మూలన రోజూ ఒక చిన్న చీటీ లేచి ఇప్పుడా, తర్వాతా అని అడుగుతుంది. రోగుల తొక్కిడిలో ఎవరో ఒకరు ‘తర్వాత’ నొక్కేస్తారు. ఈలోగా ఎక్కడో ఒక ఆస్పత్రి కంప్యూటర్లలోకి దొంగలు దూరి, రోగుల వివరాలన్నింటికీ తాళం వేసి కూర్చున్నారని అతను విన్నాడు.

ఇక ఆగలేక మౌలాలి బాబా దగ్గరికి వెళ్లాడు. బాబా ఆ దర్గాకు పెద్ద. డెబ్బై దాటినా రోజూ వచ్చినవాళ్లకు అన్నం వండే పొయ్యి దగ్గర ఆయనే కూర్చుంటాడు. దాదాపీర్ ఇంజినీరింగ్ చదివి, పదేళ్ల కిందట ఆయన్ను చూడటానికొచ్చి, శిష్యుడై అక్కడే ఉండిపోయాడు. కంప్యూటర్లంటే అతనికి ప్రాణం. తన తెలివంటే అంతకంటే కాస్త ఎక్కువ ప్రాణం.

"రేపు తెల్లవారి నమాజు కాగానే అన్నింటికీ అప్‌డేట్ వేసేస్తా బాబా. దవాఖానా తెరిచేలోగా అయిపోతాది."

"అన్నింటికీ ఒకేసారా?"

"నా సొంత కంప్యూటర్‌కు నిన్ననే వేసి చూసినా. బ్రహ్మాండంగా నడుస్తాంది. అన్నం ఉడికిందా లేదా అనేదానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు గదా బాబా."

సామెత సరైన చోట పడిందని అతనికే ముచ్చటేసింది. బాబా ఒక కట్టెను పొయ్యిలోకి జరిపాడు. 

మర్నాడు పొద్దున ఐదు కంప్యూటర్లు అరగంటలో లేచి పనిలో పడ్డాయి. ఆరోది లేవలేదు.

అది రక్తం ఎక్కించే గదిలోది. ఏనాడో ఒక రిటైరైన మాస్టారు ఇచ్చిపోయిన ముసలి కంప్యూటర్. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. ముప్ఫై శాతం అయిందంది. ఆరిపోయింది. మళ్లీ వెలిగి, మళ్లీ ముప్ఫై శాతం అంది. అట్లా నాలుగుసార్లు చేసి చివరికి నల్లగా నిలబడిపోయింది.

ఎనిమిది గంటలకు గంగులమ్మ కొడుకును చంకనేసుకుని వచ్చింది. ఓబులేసుకు ఏడేళ్లు. ఒంట్లో రక్తం నిలవని జబ్బు. మూడు వారాలకోసారి ఎక్కించాలి. వాడిది దొరకని గ్రూపు. ఆ రక్తం ఉన్నవాళ్లు చుట్టుపక్కల ఐదుగురే. ఆ ఐదుగురి ఫోన్ నంబర్లూ నల్లబడిన ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడైనా ఒక కాపీ తీసి పెట్టాలని దాదాపీర్ ఎన్నోసార్లు అనుకున్నాడు. అదీ ‘తర్వాత’లోనే ఉండిపోయింది.

డాక్టరమ్మ పిల్లవాడి కనురెప్ప కిందికి లాగి చూసింది. అక్కడ ఎరుపన్నదే లేదు.

"ఈ రోజు దాటితే నేను పూచీ పడలేను," అంది మెల్లగా.

దాదాపీర్ కంప్యూటర్ మీద పడ్డాడు. ఒక మీట నొక్కుతాడు, ఇంకోటి నొక్కుతాడు. వైరు పీకి మళ్లీ పెడతాడు. కబురు విని బాబా వచ్చాడు. శిష్యుడి ముఖమూ చూశాడు, తల్లి ఒళ్లో తల వాల్చేసిన పిల్లవాడినీ చూశాడు.

"ఇంకెక్కడా లేవా, నాయనా?"

"లేవు బాబా."

అప్పుడు గంగులమ్మ కలగజేసుకుంది. "ఎవరికోసం వెతుకుతాండారు సామీ? నా బిడ్డకు రక్తమిచ్చినోళ్ల కోసమా?"

"వాళ్ల నంబర్లు దీంట్లో ఇరుక్కుపోయినాయి తల్లీ," అన్నాడు బాబా.

"నంబర్లు నాకు తెలీవు. పేర్లు తెలుసు. లారీ గఫారన్న, మగ్గం కొండయ్య, బడిలో పాల్ సారు, టైలర్ ఖాజా, పూలంగడి రామాంజులు. దినామూ దీపం పెట్టేటప్పుడు ఒక్కొక్కరి పేరూ తల్చుకుంటా. ఎట్ల మర్చిపోతా సామీ?"

దాదాపీర్ ఆమె వంక చూడలేకపోయాడు. సిగ్గుతో అతని చెవులు మండాయి.

బాబా కర్ర తీసుకుని ఎండలోకి దిగాడు. గఫారు లారీ మీద ఎటో పోయాడు. పాల్ సారు పెళ్లికి పోయాడు. సాలెవీధిలో మగ్గం ముందు కొండయ్య కనబడ్డాడు. పిల్లవాడి పేరు వినగానే నేత అక్కడే వదిలేసి, చొక్కా కూడా దారిలోనే తొడుక్కుంటూ వచ్చాడు. పరీక్షలవీ అయ్యి, సాయంత్రానికి ఓబులేసు చేతిలోకి రక్తం దిగింది. కాసేపటికి వాడు కళ్లు తెరిచి, ఆకలైతోందన్నాడు. గంగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ వేళకు దాదాపీర్ కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో లేపగలిగాడు. లోపల చోటు చాలక అప్‌డేట్ సగంలో ఇరుక్కుంది. ఆ సగాన్ని తీసేశాడు. ఐదు నంబర్లూ ఉన్నవి ఉన్నట్టే కనబడ్డాయి.

వెళ్లి బాబా ముందు నిలబడ్డాడు.

"తప్పయిపోయింది బాబా. ఆ ముసలిదాని జోలికి ఇంక జన్మలో పోను. దానికి అప్‌డేట్లే రాకుండా ఆపేసినా."

"దొంగలు కూడా దాన్ని వదిలేస్తామన్నారా?"

దాదాపీర్ వెళ్లబోయాడు.

"రేపు మధ్యాహ్నం నా దగ్గర తిను," అన్నాడు బాబా.

మర్నాడు అందరి భోజనాలూ అయ్యాక, బాబా చిన్న కుండ ఒకటి పొయ్యి మీద పెట్టాడు. కాసేపయ్యాక శిష్యుణ్ని పిలిచాడు.

"చూడు, ఉడికిందేమో."

దాదాపీర్ గరిటెతో పైన ఒక మెతుకు తీసి, వేళ్ల మధ్య నలిపాడు. మెత్తగా ఉంది.

"ఉడికింది బాబా."

బాబా గంజి వార్చాడు. రెండు పళ్లేల్లో వడ్డించాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే దాదాపీర్ పళ్ల కింద కటుక్కుమంది. సగం మెతుకులు జావలాగా ఉన్నాయి, సగం రాళ్లలాగా ఉన్నాయి.

"ఏంది బాబా ఇది?"

"పాతబియ్యం సగం వేసినా. కొత్తబియ్యం సగం."

"రెండూ కలిపితే ఎట్లుడుకుతాయి బాబా! పాతవాటికి నీళ్లెక్కువ కావల్ల, సేపెక్కువ కావల్ల. ఈ మాత్రం వంట రానోనికి కూడా..."

అక్కడే ఆగిపోయాడు. బాబా తలెత్తలేదు. పలుకు అన్నమే నెమ్మదిగా నములుతున్నాడు.

దాదాపీర్ లేచి పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మేకలకు వేసి, మళ్లీ వండుతా బాబా."

బాబా అతని మణికట్టు పట్టుకున్నాడు. రెండు పళ్లేలూ తిరిగి కుండలోకి వంచాడు. చెంబెడు నీళ్లు పోసి, కుండను పొయ్యి మీదికి ఎక్కించాడు. ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు. ఎంతసేపు కూర్చున్నారో లెక్కలేదు. చివరికి అన్నం బాగా ముద్దయిపోయింది, కానీ పలుకన్నది ఒక్కటి లేదు. ఉప్పు వేసుకుని ఇద్దరూ తిన్నారు.

చెయ్యి కడుక్కుంటూ బాబా అన్నాడు:

"మెతుకు గురించి పెద్దోళ్లు ఇంకో మాట గూడా అన్నారు గదా నాయనా."

"ఏది బాబా?"

"గింజ గింజ మీదా తినేవాని పేరు రాసి ఉంటాదని. మొన్న నువ్వు పట్టి చూసిన మెతుకు మీద ఎవరి పేరుండె?"

"నాదే బాబా," అన్నాడు దాదాపీర్.

ఆ మధ్యాహ్నం రక్తం గదిలోకి వెళ్లి ముందుగా ఐదు పేర్లూ, నంబర్లూ కాగితం మీద తన చేత్తో రాసి గోడకు అంటించాడు. ఉన్నదంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తి పెట్టాడు. అక్కర్లేనివి తీసేసి లోపల చోటు చేశాడు. అప్పుడు అప్‌డేట్ మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా బాబా గుమ్మంలోకి వచ్చాడు. ముసలి కంప్యూటర్ నెత్తిన కొత్తగా ఒక చీటీ అంటించి ఉంది. కళ్లజోడు సవరించుకుని చదివాడు. ‘ఓబులేసు’ అని ఉంది.

తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి. ముప్ఫై శాతం.

"ఇంకా ఎంత సేపు, నాయనా?"

"తెలీదు బాబా. ఇది లేచేదాకా కూర్చుంటా."